ఏ చినుకు

ఇల్దా బెత్తెన్‌కూర్ రిటైరయిన రోజు
కేకు కోయకముందే ఫ్రీజర్ గదికి వెళ్ళింది.
తలుపు మూసి, పిడి లాగి చూసి,
మళ్ళీ లాగి చూసి, నా వైపు తిరిగింది.
"మూడోసారి లాగనులే" అంది.
ముప్ఫై ఒక్కేళ్ళుగా లోపలి గొట్టాలకు చీటీలంటించినవాణ్ణి,
ఆ మాట నమ్మలేదు.

మొదట్లో పికో దీవికి పడవ మీద పోయేవాళ్ళం.
ఐసు పెట్టె నా ఒళ్ళో, సముద్రం నా కడుపులో.
ఒడ్డు దాటితే నల్లరాతి గోడలు,
గోడల మధ్య గాలికి తల దాచుకున్న ద్రాక్షతీగలు.
అక్కడ ఫిర్మీనో రోజూ పొద్దున్నే
తన గోడలో రాళ్ళు లెక్కపెట్టేవాడు.
నాలుగొందల పన్నెండు.
ఒక్కటి తప్పినా కొడుకు పడవ మునుగుతుంది.
"రాయికీ పడవకీ పొత్తు లేదని
నాకు తెలుసు డాక్టరమ్మా,
నా వేలికే తెలీదు."

అతని చెల్లెలు దియోలింద
మొదటి ఏడు తలగుడ్డ విప్పలేదు.
రెండో ఏడు విప్పింది.
మేకలు మేసి వదిలిన గుట్టలా ఉంది తల.
వెంట్రుక కుదురుతో సహా ఊడి రావాలట,
లేకపోతే చెయ్యి ఊరుకోదట.

ఇల్దా మాంసం పొట్లాలు కట్టే కాగితం పరిచి
ఆ ఇంటి ఏడు తరాలు గీసింది.
మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు సున్న,
జబ్బుంటే లోపల నలుపు.
దియోలింద వంగి చూసి అడిగింది:
"ఇది నేనేనా?
నలుపు నేను వేసుకోనా?"
చాలాసేపు వేసింది. గీత దాటకుండా.

తొమ్మిదో ఏట ఒక జన్యువు దొరికింది.
పత్రికలో ఫోటో. బిషప్పుగారి అభినందన.
రొట్టెల కొట్టువాడు డబ్బు తీసుకోలేదు.
పధ్నాలుగో ఏట
వేరే దేశాలవాళ్ళు మా కంటే పదింతల రక్తంలో
దాన్ని వెతికారు. జాడ లేదు.
మళ్ళీ వెతికారు. లేదు.
"మేము పొరబడ్డాం" అని ఇల్దా ఉత్తరం రాసింది.
నా చేత తొమ్మిదిసార్లు చదివించి
ఒక్క కామా మార్చకుండా పంపింది.
ఆ వారమంతా ఎవరితోనూ కలిసి తినలేదు.

తర్వాత మా గొట్టాలూ సముద్రాలు దాటాయి,
వేలవేల గొట్టాల్లో కలిసిపోవడానికి.
వచ్చిన వ్యాసంలో రచయితల పేర్లే రెండు పేజీలు,
ఆమె పేరు వేలు పెట్టి వెతుక్కోవాలి.
జవాబు: ఒకటి కాదు, వందలు.
ఒక్కోటీ ఆవగింజలో అరవంతు.

ఆ కబురు తనే చెప్పాలని పికో వెళ్ళింది.
ఫిర్మీనో పోయాడు. పడవ మునగలేదు.
కొడుకు అమారో గోడ దగ్గర నిలబడి
"ఇంతకీ ఏది?" అన్నాడు.
తుంపర పడుతోంది, అక్కడ ఎప్పుడూ పడేదే.
"నీ చొక్కా తడిసిందిగా,
ఏ చినుకు తడిపింది?"
అతను భుజం చూసుకున్నాడు.
"మా నాన్న చేసిన తప్పేం లేదన్నమాట."
"లేదు. మీ నాయనమ్మదీ కాదు."
"నయమవుతుందా?"
"కొందరికి. కొంత."
పెద్ద చదువు చదివి తెచ్చిన మాట
రెండు ముక్కలయి రాళ్ళ మీద పడింది.

వెళ్ళబోతుంటే అమారో అన్నాడు:
"ఆయన లెక్కపెట్టాడు కాబట్టే
నేను మునగలేదేమో, చెప్పలేం."
ఇల్దా నవ్వలేదు, వాదించలేదు.
నోటుబుక్కు తీసి రాసుకుంది.

ఇవాళ తాళంచెవి నాకిచ్చింది.
కేకు తిన్నాం, పొడిగా ఉంది.
చివరి మెట్టు దాకా దిగి
మళ్ళీ పైకి వచ్చింది.
గొడుగు మరిచిపోయానంది.
గొడుగు చేతిలోనే ఉంది.
నేను పక్కకు జరిగి
తలుపుకు దారిచ్చాను.